తేనె కారుస్తున్న అడవి

నా మొదటి ప్రశ్నకే డాక్టర్ బెర్నార్దా పిర్నాత్ నవ్వింది. బుకోవిట్సా అడవిలో చివరిసారి ఎప్పుడు అడుగుపెట్టారని అడిగాను, అంతే.

"ఎప్పుడూ పెట్టలేదు స్లావ్కా గారూ. మేం అడవిని పైనుంచి చూసేవాళ్ళం. కాళ్ళకి బురద అంటించుకోవడం మా పని కాదు."

ఈ మాట ఆవిడ చాలా సభల్లో చెప్పి ఉంటుంది. అరిగిన మాట నోట్లోంచి జారే తీరే వేరు. నేను పోలీసు ఉద్యోగంలో పాతికేళ్ళు, ప్రైవేటు డిటెక్టివుగా ఆరేళ్ళు గడిపాను. అబద్ధం చెప్పేవాళ్ళకంటే ఇలా నున్నగా మాట్లాడేవాళ్ళతోనే నాకు ఎక్కువ తలనొప్పి.

రాజధాని లుబ్లియానాలోని అటవీ పటాల కేంద్రానికి ఆవిడ అధిపతి. ఉపగ్రహం కొన్నాళ్ళకోసారి మా కొండల మీదుగా పోతూ ఫొటోలు తీస్తుంది. మన కంటికి ఆనని కాంతిని కూడా అది పట్టుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఆ కాంతిని గట్టిగా వెనక్కి కొడుతుంది, జబ్బుపడ్డ ఆకుకి ఆ శక్తి ఉండదు. వేలకొద్దీ ఫొటోలు చూపించి ఆ తేడా పసిగట్టడం ఒక యంత్రానికి నేర్పారు. అది పటం మీద బాగున్న చెట్లకి ఆకుపచ్చ, బెరడుపురుగు పట్టిన చెట్లకి ఎరుపు వేస్తుంది. ఎర్రబడ్డ చెట్లని వెంటనే నరికెయ్యాలి, లేకపోతే పురుగు పక్క అడవికి పాకుతుంది. వచ్చే వారం ఈ పటాన్ని దేశమంతటికీ అమలు చెయ్యబోతున్నారు. ఆవిడ జీవితమంతా ఆ పటంలోనే ఉందని ఆ గదిలో గోడలే చెప్తున్నాయి.

ఈ వేసవిలో కొచేవ్యె ఊరి పక్కనున్న బుకోవిట్సా కొండంతా పటం మీద ఎర్రబడింది. అక్కడి ఫారెస్టరు టోనె లావ్‌షిన్ ఒప్పుకోలేదు. నా చెట్లకి జలుబు కూడా లేదు పొమ్మన్నాడు. పటం గీసిన గ్రెగోర్ ఒరాజెమ్ అనే ఇంజనీరుతో ఊరి హోటల్లో నలుగురి ముందూ గొడవపడి, మళ్ళీ నా కొండెక్కితే దిగవు అన్నాడు. శుక్రవారం గ్రెగోర్ ఎక్కాడు, దిగలేదు. వేటమంచె కింద మెడ విరిగి పడి ఉన్నాడు. ఆ రోజు టోనె అడవిలో ఒంటరిగా ఉన్నాడు. ఫారెస్టరన్నవాడు అడవిలో ఒంటరిగా కాక పెళ్ళి భోజనాల్లో ఉంటాడా? పోలీసులకి మాత్రం అది సరిపోయింది.

రేపు పొద్దున టోనెని జడ్జి ముందు నిలబెడతారు. జడ్జి తలూపితే కేసు తేలేదాకా జైలే. కిటికీ మూస్తే ఊపిరాడని మనిషి అతను. నిన్న అతని భార్య మార్యెతా నా వంటింట్లో కూర్చుని, లోపల ఆయన ఎక్కువ కాలం బతకడు అని చెప్పింది. ఏడవలేదు. ఇంట్లో పాలు అయిపోయాయన్నంత మామూలుగా చెప్పింది. అందుకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గ్రెగోర్ ఎందుకు వెళ్ళాడని డాక్టర్ని అడిగాను. కొమ్మల నమూనాల కోసమేమో, తనకి చెప్పి వెళ్ళలేదంది. పటం తప్పని అతనికి అనుమానం వచ్చిందా అంటే, అనుమానించడానికే కదా జీతమిచ్చేది అంది. శుక్రవారం మీరెక్కడ అంటే, ఈ గదిలోనే, తలుపు వేసుకుని, వచ్చే వారం సభకి ఉపన్యాసం రాసుకుంటూ. చూసినవాళ్ళు లేరు. రంగులెయ్యక ముందటి అసలు ఫొటోలు చూపించమన్నాను.

"చూసినా మీకేం అర్థం కాదు."

"మీరు చెప్తే అర్థం చేసుకుంటాను."

"నాకు టైము లేదు," అని లేచి నిలబడింది. ఇంక నేను కూడా లేవక తప్పలేదు.

బయట ఆవరణలో ఆవిడ తెల్ల కారు ఎండలో నిలబడి ఉంది. ముందు అద్దం నిండా సన్న సన్న చుక్కలు, వాటికి అంటుకున్న దుమ్ము, దాని మీద కందిరీగలు. కాపలా మనిషి గుడ్డతో తోలుతున్నాడు, అవి వెళ్ళి మళ్ళీ వచ్చి వాలుతున్నాయి. పొద్దుట్నుంచీ ఇదే గోలని విసుక్కున్నాడు. కారులో ఎవరైనా జామ్ ఒలకబోశారేమో అన్నాను. జామ్ అయితే లోపల ఒలుకుతుంది కానీ బయట అద్దం మీద ఎందుకు ఒలుకుతుందని అతను నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశాడు. నిజమే మరి.

*

మధ్యాహ్నం దాటాక నేను కొండెక్కేసరికి ఇన్‌స్పెక్టర్ రాదో బెర్తోక్ మంచె చుట్టూ కట్టిన పోలీసు టేపుని చుట్టలు చుడుతున్నాడు. ఒకప్పుడు నా కింద పనిచేశాడు. పిరాన్ వాడు, సముద్రం ఒడ్డున పుట్టి పెరిగాడు. మా కొండల మీదికి బదిలీ అయిన రోజు నుంచీ ఇక్కడి చలినీ, ఇక్కడి చేపల్నీ తిడుతూనే ఉంటాడు. పనిమంతుడే. కాకపోతే మొదట తోచిందాన్ని పట్టుకుంటే ఉడుంపట్టు.

"రండి మేడం. పెన్షన్ తీసుకుని ఇంట్లో టమాటాలు పెంచుకోవచ్చుగా, ఈ ఎండలో కొండలెందుకు?"

"టమాటాలు నాతో ఎదురు మాట్లాడవు, బోరు కొడుతుంది. టేపెందుకు తీసేస్తున్నావు?"

తను చూడాల్సింది చూసేశానన్నాడు. పైగా డాక్టర్ పిర్నాత్ పొద్దున ఫోన్ చేసి, పురుగు పాకిపోతోంది, కాపలా ఎత్తేస్తే జబ్బు చెట్ల పని మొదలెట్టుకుంటామని అడిగిందట. తప్పేముందన్నాడు. నేను గుమ్మం దాటగానే ఆవిడకి ఫోన్ చేసే టైము బాగానే దొరికిందన్నమాట.

మంచె నిచ్చెన ఎక్కి చూశాను. మెట్లన్నీ గట్టిగానే ఉన్నాయి. పైన కూర్చునే చెక్కకి మూడువైపులా నడుమెత్తు కర్రల చట్రం ఉంది, నిచ్చెన వైపు మాత్రం ఖాళీ. కాలు జారి పడ్డవాడు నిచ్చెన పక్కన పడతాడు. గ్రెగోర్ నిచ్చెనకి ఎదురువైపు, చట్రం దాటి పడ్డాడు. ఎవరో తోశారన్న మాటలో బెర్తోక్ పొరబడలేదు. దిగుతూ నిచ్చెన పట్టుకుంటే అరచేతులు కర్రకి అతుక్కున్నాయి. జిగురనుకుని గుడ్డకి తుడుచుకున్నాను.

గ్రెగోర్ సంచిలో ఏముందని అడిగాను. ఫోన్, నీళ్ళ సీసా, మూతున్న గాజు సీసా ఒకటి, చెంచా ఒకటి అన్నాడు బెర్తోక్. గాజు సీసా ఖాళీగా ఉంది, కడిగినంత శుభ్రంగా. పెరుగేదో తెచ్చుకుని తిని ఉంటాడన్నాడు.

"తిని, అడవిలో సీసా కడిగి తుడుచుకున్నాడా?"

"కొందరికి శుభ్రత ఎక్కువ మేడం. మీకర్థం కాదులెండి, మీ కారు నేను చూశాను."

ఆ దెబ్బ నాకు తగిలింది, ఒప్పుకుంటాను. టోనె మీద నీ దగ్గర ఉన్నదేమిటి, హోటల్లో నోరు పారేసుకున్న మాట ఒక్కటేగా, మా జిల్లాలో ఆ మాట అనుకోని అన్నదమ్ములు లేరు, దాన్ని పట్టుకుని జడ్జి ముందుకెళ్తే నవ్వుతాడన్నాను. కోపం తెప్పిద్దామనే అన్నాను. కోపం వస్తే బెర్తోక్ చేతిలో ముక్క చూపించకుండా ఉండలేడు.

చూపించాడు. జేబులోంచి తన ఫోన్ తీసి, గ్రెగోర్ ఫోన్‌లో దొరికిన సందేశం ఫొటో నా ముందు పెట్టాడు. కొండమీద సిగ్నల్ లేక అది వెళ్ళలేదు. టోనెకి రాసింది.

"టోనె, నీ అడవి తేనె కారుస్తోంది. ఇంక దాచేది లేదు. రేపు పైవాళ్ళకి చెప్పేస్తాను."

"ఇప్పుడు చెప్పండి," అన్నాడు. "దొంగచాటుగా కలప అమ్ముకుంటున్నాడు మీ టోనె. తేనె తీసినవాడు చెయ్యి నాకకుండా ఉంటాడా? ఆ కుర్రాడు పట్టేశాడు. సందేశం వెళ్ళకపోతే మనిషే వెళ్ళి మొహంమీద చెప్పాడు. చెప్పినందుకు పోయాడు."

నేను ఆ మూడు వాక్యాలూ రెండోసారి చదివాను. తర్వాత నవ్వొచ్చింది. వెంటనే ఏడుపు కూడా వచ్చింది, ఎందుకంటే ఇంత మంచి కబురు రాసినవాడు ఆ కబురు చెప్పకుండానే చచ్చిపోయాడు.

"రాదో, మీ పిరాన్‌లో ఫర్ చెట్లున్నాయా?"

"ఆలివ్‌లున్నాయి. ఎందుకు?"

"ఈ సందేశం టోనెకి చూపించావా?"

చూపించలేదన్నాడు. జడ్జి ముందు ఒక్కసారిగా బయటపెట్టి మొహం చూద్దామనుకున్నాడట. చూపించి ఉంటే మొదటి రోజే ఈ కేసు ఇంకో దారి పట్టేది. ఈ కొండల్లో ఎవరికి చూపించినా పట్టేది. అతను మాత్రం ఎవరికీ చూపించకుండా గుడ్డు పొదిగినట్టు పొదిగాడు.

నేను పక్క చెట్టు కొమ్మ వంచి అతని మొహం ముందు పెట్టి, నాకమన్నాను.

"నాకు షుగరుంది."

"ఒక చుక్కకి చావవు. నాకు."

నాలుక చివర తగిలించాడు. కళ్ళు చిట్లించాడు. మళ్ళీ తగిలించాడు. తియ్యగా ఉందని మెల్లగా అన్నాడు.

అప్పుడు చెప్పాను. మా నాన్న తేనెటీగలు పెంచేవాడు. కొన్ని వేసవుల్లో ఫర్ చెట్ల మీద పేనుబంక పుడుతుంది. అది చెట్టు రసం తాగి తీపి చుక్కలు వదుల్తుంది, ఆ తేనెమంచు కొమ్మల మీదినుంచి వానలా రాలుతుంది. పువ్వు లేకుండానే తేనెటీగలకి పండగ. ఏ కొండ మీద మొదలైందో తెలిసిన రాత్రికి రాత్రే పెట్టెలు లారీలకెత్తుకుని జనం బయల్దేరతారు. కిందినుంచి వస్తుంటే దారి పక్కన రంగురంగుల పెట్టెల లారీ కనిపించలేదా అని అడిగాను. కనిపించింది, పువ్వుల కోసమనుకున్నానన్నాడు. ఈ చీకటి అడవిలో పువ్వులెక్కడున్నాయో చూపించమన్నాను. అడవి తేనె కారుస్తోందన్నది మా ఊళ్ళో రేడియోలో చెప్పే మాట. అది వట్టి వాతావరణ వార్త. అందులో లంచమూ లేదు, నింద కూడా లేదు.

"సరే, తేనె. అయితే?"

"తేనెమంచు మీద మసిలాంటి బూజు పడుతుంది. ఆకు చూడు."

చూశాడు. సూదుల్లాంటి పచ్చటి ఆకుల మీద పల్చటి నల్లటి పొర. గోటితో గీకితే లేచింది, కింద ఆకు పచ్చగా నిగనిగలాడుతోంది. వాన పడితే కడుక్కుపోయే మసి. కానీ పైనుంచి చూసే కంటికి ఆ ఆకు కాంతిని సరిగా వెనక్కి కొట్టదు. యంత్రానికి నేర్పినవాళ్ళు దానికి బెరడుపురుగు చూపించారు, కరువు చూపించారు, మసి ఎప్పుడూ చూపించలేదు. అది తనకి తెలిసిన జబ్బు పేరే పెట్టింది. పటం మీద ఎర్రబడ్డ చోటికే తేనెపెట్టెల లారీలు ఎందుకు పోతున్నాయో గ్రెగోర్ ఆలోచించాడు. చెంచా, గాజు సీసా పట్టుకుని నమూనా కోసం వచ్చాడు. అతను పట్టిన నమూనాని తోసినవాళ్ళే కడిగేసి ఉంటారు. దాచేది లేదన్నది తమ పటం తప్పుని. పైవాళ్ళకి చెప్తానన్నది టోనెదే రైటని.

"తన మాట నిజమని ఒప్పుకోడానికి వచ్చినవాణ్ణి టోనె ఎందుకు చంపుతాడు రాదో?"

బెర్తోక్ టేపు చుట్టని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నేను డాక్టర్ కారు సంగతి కూడా చెప్పాను. అద్దం మీద చుక్కలు, కందిరీగలు. అడవిలో అడుగే పెట్టని మనిషి కారు మీద తేనెమంచు ఎలా పడింది?

"లుబ్లియానా వీధుల్లో లిండెన్ చెట్లున్నాయి. జులైలో వాటి కింద ఆపిన ప్రతి కారూ జిగురుగానే ఉంటుంది. నా కారు కూడా," అన్నాడు.

బాగా అన్నాడు. అది నాకు తట్టలేదు. తట్టలేదని అతనికి చెప్పకుండా, అయితే అద్దం మీది చుక్క లాబ్‌కి పంపమన్నాను, ఏ చెట్టుదో వాళ్ళు చెప్తారు. ఆ కారు కడిగేలోపు పంపాలన్నాను. అతను మంచె వైపు చూసి సరేనన్నాడు. ఈ మనిషిలో నాకు నచ్చేది ఇదే. ఉడుంపట్టు వదలడానికి టైము పడుతుంది, వదిలాక మాత్రం బెట్టు చెయ్యడు.

రేపు జడ్జి ముందుకి ఒక అటవీ నిపుణుణ్ణి తీసుకొస్తానన్నాడు. ఈ చెట్లు ఆరోగ్యంగా ఉన్నాయని అతను రాసిస్తే టోనె సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు.

"చెట్లు ఎక్కడికీ పోవు కదా మేడం."

అప్పుడు వినిపించింది. టక్. కాసేపాగి మళ్ళీ, టక్. మంచె వెనక లోయవైపునుంచి వస్తోంది. వడ్రంగిపిట్ట అన్నాడు బెర్తోక్. వడ్రంగిపిట్ట గుక్కతిప్పుకోకుండా కొడుతుంది, ఇలా ఒక్కో దెబ్బకి ఊపిరి పీల్చుకోదు. నేను అటు నడిచాను.

పాతిక గజాలు పోయేసరికి మొదటి ముద్ర కనిపించింది. ఫర్ చెట్టు మొదట్లో బెరడు అరచేతంత మేర చెక్కి, తెల్లటి కర్ర మీద అంకె కొట్టి ఉంది. చెక్కిన చోట బంక ఇంకా కారుతోంది. దాని పక్క చెట్టుకీ ముద్ర, ఆ పక్కదానికీ.

ఈ దేశంలో ఫారెస్టరు ముద్ర లేకుండా చెట్టు కూల్చకూడదు. ఒక్కో ఫారెస్టరుకీ తన అంకె ఉన్న సుత్తి ఒకటుంటుంది. చెట్టు పోయినా మొద్దు మీద మిగలాలని మొదట్లోనే కొడతారు. ఆ సుత్తి మరొకడి చేతికి పోయిందంటే ఫారెస్టరు పరువు పోయినట్టే. టోనె తన సుత్తిని మంచం తలవైపు గోడకి తగిలించుకుని పడుకుంటాడని ఊరంతా వేళాకోళం చేస్తుంది.

"ఇది టోనె అంకె," అన్నాను. "అతను నీ లాకప్పులోనే ఉన్నాడా?"

"పొద్దున నేనే కాఫీ ఇప్పించాను," అన్నాడు బెర్తోక్.

ఈ చెట్లు కూలితే ఇవి ఆరోగ్యంగా ఉండేవని చెప్పే సాక్ష్యం కలప డిపోకి పోతుంది. అంతకంటే ఘోరం ఇంకోటుంది. రేపు ఎవడైనా మొద్దు చూస్తే, గట్టి చెట్టు మీద టోనె ముద్ర ఉంటుంది. అరెస్టుకి ముందే కొట్టుకుని అమ్ముకున్నాడంటారు. బెర్తోక్ నిందకి అప్పుడు నిజంగానే రుజువు దొరుకుతుంది. ఎవరు వేశారో కానీ, చాలా తెలివిగా వేసిన ఉరి ఇది.

సుత్తి చప్పుడు దగ్గరైంది. బెర్తోక్ నడుం మీది తుపాకీ ఒర బొత్తాం విప్పి నన్ను వెనక ఉండమని సైగ చేశాడు. నేను ఉండలేదు. పొద తప్పించి చూస్తే చెట్టు మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని, టోనె పాత కోటు తొడుక్కుని, సుత్తి ఎత్తుతూ మార్యెతా కనిపించింది.

నన్ను చూసి భయపడలేదు. సంతోషపడింది. చెమట తుడుచుకుని, మీరూ వచ్చారా, ఇంకొక్క వరసే మిగిలింది అంది.

ఎవరు కొట్టమన్నారని అడిగాను.

"డాక్టరమ్మ. మధ్యాహ్నం ఇంటికొచ్చింది పాపం. ఎర్ర చెట్ల మీద ఆయన ముద్ర ఉంటే, ఆయన పటం ఒప్పుకున్నట్టేనట. ఒప్పుకున్నవాడికి గ్రెగోర్‌తో తగువెందుకుంటుందని తనే జడ్జితో చెప్తానంది. తెల్లారితే వదిలేస్తారట. ఎవరికీ చెప్పొద్దంది, మీకు కూడా."

"ఇక్కడికి ఎలా వచ్చావు? పై దారిలో మేమున్నాం."

"ఆవిడే తీసుకొచ్చింది. మంచె వెనకనుంచి వాగు దాటి అడ్డదారి ఉంది. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు ఈ కొండ కిందే ఉన్నాను, నాకే తెలీదు. ఆవిడ చేతి మీద గీత చూసినట్టు చూసుకుంటూ నడిచింది."

బెర్తోక్ నా వైపు చూశాడు. పొద్దున అడవిలో ఎప్పుడూ అడుగుపెట్టలేదన్న మనిషి గురించి ఇప్పుడు మేమిద్దరం ఒకటే అనుకుంటున్నాం. ఆవిడెక్కడుందని అతను అడిగాడు. లారీలు తీసుకురావడానికి కిందికి వెళ్ళిందని మార్యెతా చెప్పింది. అతను ఆమె పక్కన కూర్చుని, కన్నకొడుకు అడిగినంత మెత్తగా, అమ్మా, ఆ సుత్తి నాకివ్వు అన్నాడు.

మార్యెతా దాన్ని గుండెకి ఆనించుకుంది.

"డాక్టరమ్మ కూడా అడిగింది, నా మనుషులతో కొట్టిస్తాను ఇయ్యమంది. ఇవ్వలేదు. పరాయి చేతికి ఇవ్వకూడదని ఆయన ఎప్పుడూ అంటాడు. అందుకే నేనే వచ్చి కొడుతున్నా. ఒక్క ముద్ర కూడా వంకర పోలేదు, చూడండి."

చూశాను. ఒక్కటీ వంకర పోలేదు. ఆమె మొహంలో గర్వం చూశాక, మొగుడి మెడకి ఉరి తన చేత్తోనే బిగించిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కింద వాగు మలుపులో లారీలు గేరు మార్చిన చప్పుడు విని, మార్యెతా తొందర తొందరగా తర్వాతి చెట్టు దగ్గరికి జరిగింది.